మెదడు గడ్డ ఆపరేషన్‌లో వెలిగే మందు: 5-ఏఎల్‌ఏనా, ఫ్లోరసీనా, అసలు అక్కర్లేదా?

హైదరాబాద్‌లో మెదడు గడ్డ ఆపరేషన్ కోసం రెండు మూడు ఆసుపత్రులు తిరిగిన కుటుంబాలకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకచోట ఎస్టిమేట్‌లో 5-ఏఎల్‌ఏ అనే, ఆపరేషన్‌లో గడ్డని వెలిగించి చూపే మందు రాసి దానికి విడిగా పెద్ద మొత్తం వేస్తారు. ఇంకోచోట ఫ్లోరసీన్ వాడతాం, దానికి పెద్దగా ఖర్చుండదు అంటారు. మూడోచోట సర్జన్ గారు నావిగేషన్ (స్కాన్ బొమ్మ మీద దారి చూపే యంత్రం) ఉంది, అల్ట్రాసౌండ్ ఉంది, రంగు మందు అక్కర్లేదని తేల్చేస్తారు. ముగ్గురూ పేరున్న డాక్టర్లే. ఇంటికొచ్చాక చుట్టాల్లో ఒకరు ఖరీదైనదే మంచిదంటారు, ఇంకొకరు అదంతా బిల్లు పెంచే ఎత్తు అంటారు.

ఆ ముగ్గురు డాక్టర్లూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఏ మందు మేలన్నది గడ్డ రకాన్ని బట్టి, అది ఉన్న చోటుని బట్టి, ఆ థియేటర్‌లో ఉన్న మైక్రోస్కోపుని బట్టి మారుతుంది. నా మాట ముందే చెప్పేస్తాను. స్కాన్‌లో గ్లయోబ్లాస్టోమా లాంటి ఉధృతమైన గ్లయోమా (మెదడు కణజాలంలోంచే పుట్టే గడ్డ) అనుమానం ఉండి, కనిపించే గడ్డంతా తీయగలమని సర్జన్ అంటే, ఆయన మైక్రోస్కోపుకి ఈ మందు వెలుగు చూపే నీలి ఫిల్టర్ ఉంటే, ఇంటి పరిస్థితి తట్టుకోగలిగితే 5-ఏఎల్‌ఏ అడగండి. నీలి ఫిల్టర్ లేకపోయినా, డబ్బు అందకపోయినా ఫ్లోరసీన్ గౌరవంగా ఒప్పుకోదగ్గ మందే. గడ్డ నెమ్మదిగా పెరిగే రకమైతే ఈ రెండింటి మీదా పెద్ద ఆశ పెట్టుకోకండి. ఇక సర్జన్‌ని ఎంచుకున్నాకే మందు సంగతి. మందు కోసం సర్జన్‌ని మార్చడం చాలా కొద్ది సందర్భాల్లోనే సబబు.

అంచు ఎందుకు దొరకదు

గ్లయోమాకి తొక్క ఉండదు. తెల్ల పంచె మీద పడిన పులుసు మరకలా మధ్యలో చిక్కగా ఉండి, పక్కలకు పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ఆగిందో చెప్పలేకుండా మెదడులోకి కలిసిపోతుంది. మామూలు తెల్ల వెలుతురులో మైక్రోస్కోపు కింద చూస్తే గడ్డ అంచూ, పక్కనున్న మంచి మెదడూ దాదాపు ఒకే రంగు, దాదాపు ఒకే మెత్తదనం. సర్జన్ ఆపరేషన్‌కి ముందు తీసిన ఎంఆర్ఐని నావిగేషన్‌లో పెట్టుకుంటారు. కానీ పుర్రె తెరిచి, లోపలి నీరు కొంత కారి, గడ్డ సగం తీసేసరికి మెదడు కుంగుతుంది, పక్కకి జరుగుతుంది. తెర మీది బొమ్మ ఉదయం నాటిది, కళ్ల ముందున్నది ఇప్పటిది. రెండింటికీ మధ్య మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మాటకీ, చేతికీ సంబంధించిన చోట మిల్లీమీటర్లే లెక్క.

అందుకే గడ్డ తనంతట తాను వెలిగేలా చేసే మందులు వచ్చాయి. ఆలోచన కొత్తదేమీ కాదు. 1940ల చివర్లోనే అమెరికాలోని మినెసోటాలో జార్జ్ మూర్ అనే సర్జన్ ఫ్లోరసీన్‌ని మెదడు గడ్డల మీద వాడి చూశారు. అది ఇప్పుడు మళ్లీ బలంగా ముందుకు రావడానికి మైక్రోస్కోపుల్లో వచ్చిన ప్రత్యేక ఫిల్టర్లు కారణం.

5-ఏఎల్‌ఏ: లోపలినుంచి వెలిగేది

పూర్తి పేరు 5-అమైనోలెవులినిక్ ఆమ్లం. ఇది మన ఒంట్లో సహజంగా తయారయ్యేదే. రక్తంలోని హీమ్‌ని శరీరం దీని నుంచే మెట్టు మెట్టుగా తయారు చేసుకుంటుంది. ఆ దారిలో చివరి మెట్టు ముందు ప్రోటోపార్ఫిరిన్-9 అనే పదార్థం వస్తుంది. మామూలు కణం దానికి ఇనుము కలిపి హీమ్‌గా మార్చేస్తుంది. ఉధృతమైన గ్లయోమా కణాల్లో ఆ పని సరిగా సాగదు, ప్రోటోపార్ఫిరిన్ పేరుకుపోతుంది. దాని మీద 400 నానోమీటర్ల చుట్టుపక్కల నీలి-ఊదా వెలుగు పడితే అది 635 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. నీలి చీకట్లో గడ్డ నడిబొడ్డు నిప్పుకణికలా, అంచులు గులాబీ రంగులో కనిపిస్తాయి. ఆ లేత గులాబీ భాగమే అసలు తలనొప్పి. అక్కడ గడ్డ కణాలుంటాయి, వాటి మధ్యన పనిచేసే మెదడు కూడా ఉంటుంది. గడ్డ మధ్యలో చచ్చిపోయిన భాగం మాత్రం వెలగదు. అది చూసి గడ్డ అయిపోయిందనుకోకూడదని సర్జన్లకు తెలుసు.

మందు కిలోకి 20 మిల్లీగ్రాముల లెక్కన నీళ్లలో కలిపి తాగిస్తారు, మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. ఆ అనుమతులకు ఆధారంగా నిలిచింది వాల్టర్ స్టుమ్మర్ బృందం జర్మనీలో చేసి 2006లో ప్రచురించిన ట్రయల్. అందులో 322 మందిని చేర్చుకున్నారు. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో మెరిసే గడ్డంతా తీయగలిగింది 5-ఏఎల్‌ఏ వాడినవాళ్లలో 65 శాతం మందిలో, తెల్ల వెలుతురులో మాత్రమే చేసినవాళ్లలో 36 శాతం మందిలో. ఆరు నెలల దాకా గడ్డ మళ్లీ పెరగనివాళ్లు ఒక వైపు 41 శాతం, ఇంకో వైపు 21 శాతం.

ఇక్కడ కుటుంబాలకు కౌన్సెలింగ్ గదిలో చాలాసార్లు చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. ఆ ట్రయల్‌లో రెండు గుంపుల మొత్తం ఆయుష్షులో గణాంకపరంగా నికరమైన తేడా తేలలేదు. తర్వాత అదే డేటాని మరోలా విడదీసి చూస్తే, మందు వాడినా వాడకపోయినా, మెరిసే గడ్డ పూర్తిగా పోయినవాళ్లు సగటున 16.7 నెలలు, మిగిలినవాళ్లు 11.8 నెలలు బతికారు. మేలు చేసేది పూర్తిగా తీయడం, మందు దానికి దారి చూపేది. అది ఎన్నేళ్ల ఆయుష్షు ఇస్తుందని ఎవరైనా అంకె చెబితే ఆ అంకె ఎక్కడిదని అడగండి.

ఫ్లోరసీన్: గోడ పగిలినచోట నిండేది

కంటి ఆసుపత్రిలో షుగర్ ఉన్నవాళ్ల రెటీనాకి యాంజియోగ్రామ్ తీసేటప్పుడు చేతికి ఎక్కించే పచ్చటి మందు ఇదే. మెదడులో మామూలుగా రక్తనాళాల గోడ చాలా బిగుతుగా ఉండి ఇలాంటి పదార్థాలను లోపలికి రానివ్వదు. ఉధృతమైన గడ్డలో ఆ గోడ చెడిపోతుంది. అక్కడినుంచి మందు కారి నిలుస్తుంది. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ ఎక్కడ మెరుస్తుందో ఇంచుమించు అక్కడే ఇదీ వెలుగుతుంది. కిలోకి 5 మిల్లీగ్రాములు, మత్తు ఇచ్చాక నరంలోకి. ముందు రాత్రి ఏర్పాట్లు అక్కర్లేదు.

దీనికో సుగుణం ఉంది. పసుపు ఫిల్టర్ కింద గడ్డ పసుపుపచ్చగా వెలుగుతుంటే చుట్టుపక్కల మెదడు, రక్తనాళాలు దాదాపు సహజమైన రంగుల్లోనే కనిపిస్తాయి. సర్జన్ ఆ వెలుతురులోనే కోస్తూ పోవచ్చు. 5-ఏఎల్‌ఏకి కావలసిన నీలి వెలుతురులో పరిసరాలన్నీ చీకటి, చిన్న రక్తనాళం తెగితే వెంటనే గుర్తుపట్టడం కష్టం. అందుకని తెల్లదీ నీలిదీ మార్చుకుంటూ పని చేయాలి.

దోషమూ అక్కడే ఉంది. ఫ్లోరసీన్ గడ్డ కణాన్ని గుర్తుపట్టదు, కారుతున్న గోడను గుర్తుపడుతుంది. సర్జన్ కోసినచోట కూడా కారుతుంది, గంటలు గడిచేకొద్దీ వాపు ఉన్న మెదడులోకి పాకుతుంది, మెదడు పైపొర ఎలాగూ పచ్చబడుతుంది. అనుభవం లేని కంటికి అన్నీ పసుపే. ఇటలీలో ఫ్లూయోగ్లియో అనే అధ్యయనంలో 82.6 శాతం మందిలో మెరిసే గడ్డంతా తీశారు. ఆ అంకెని 65 పక్కన పెట్టి ఇదే గొప్పదనుకోకండి. పోల్చడానికి రెండో గుంపు అందులో లేదు, రోగుల ఎంపిక వేరు, కాలమూ వేరు. ఆధారాల బలంలో 5-ఏఎల్‌ఏదే పైచేయి. ఖర్చుకి తగ్గ ఫలితం అడిగితే ఫ్లోరసీన్‌ని కొట్టిపారేయడం అన్యాయం.

ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అనే ఇంకో రంగు మందు పేరు వినిపిస్తుంది. దాని పని ఎక్కువగా రక్తనాళాలు చూపించడం, ఉబ్బిన నాళానికి క్లిప్ వేశాక రక్తం పారుతోందా లేదా అని చూడటం. అమెరికాలో పెన్సిల్వేనియా బృందం ఆపరేషన్‌కి ఒకరోజు ముందే పెద్ద మోతాదు ఎక్కించి గడ్డలకూ వాడుతోంది. మామూలు కంటికి కనపడదు, పరారుణ కెమెరాతో తెర మీద చూడాలి. అయొడిన్ ఎలర్జీ ఉన్నవాళ్లకు పనికిరాదు. మన దగ్గర గడ్డ అంచు కోసం ఐసీజీని మొదటి ఎంపికగా చేసుకోవడానికి కారణం నాకు కనిపించదు.

మీ గడ్డ ఏ రకం

బయాప్సీ రాకముందే నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఎంఆర్ఐ చూసి డాక్టర్ చేసే అంచనాయే దిక్కు. కాంట్రాస్ట్ ఎక్కించాక అంచులు ఉంగరంలా మెరిసి, మధ్యలో నల్లగా, చుట్టూ వాపుతో ఉన్న గడ్డకు 5-ఏఎల్‌ఏ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. మెరవని, నెమ్మదిగా పెరిగే తక్కువ గ్రేడ్ గ్లయోమాల్లో చాలావాటికి కంటికి కనిపించే వెలుగే రాదు. ఫ్లోరసీన్‌కీ అంతే, గోడ చెడలేదు కాబట్టి. అలాంటి గడ్డకి 5-ఏఎల్‌ఏ ప్యాకేజీ రాస్తే ఎందుకని మర్యాదగా అడగండి. లోపల ఎక్కడో ఒక మూల ఉధృతంగా మారిందేమో వెతకడానికి, బయాప్సీ సరైన చోటునుంచి తీయడానికి అని డాక్టర్ చెబితే అది నిజమైన కారణమే. ఊరికే మంచిదని చెబితే సరిపోదు.

వేరే చోటునుంచి మెదడుకి పాకిన క్యాన్సర్‌లో 5-ఏఎల్‌ఏ కొన్నింటికే వెలుగుతుంది. అక్కడ ఫ్లోరసీన్ వైపు మొగ్గడం అర్థముంది. మెనింజియోమాలు, అంటే మెదడు పైపొరల్లో పుట్టే గడ్డలు, 5-ఏఎల్‌ఏతో చాలావరకు వెలుగుతాయి గానీ వాటికి అంచు మామూలుగానే కనిపిస్తుంది, ఎముకలోకి పాకితే తప్ప పెద్ద అవసరం రాదు. ముక్కు ద్వారా తీసే పిట్యూటరీ గడ్డలకు, చెవి నరం మీది గడ్డలకు ఈ చర్చ దాదాపు అనవసరం. ఒకసారి రేడియేషన్ అయ్యి మళ్లీ వచ్చిన గడ్డల్లో జాగ్రత్త, రేడియేషన్ వల్ల పాడైన కణజాలం కూడా వెలగొచ్చు.

చోటు సంగతి దీనికన్నా పెద్దది. ఎడమ వైపు మాట్లాడే భాగం పక్కన గడ్డ ఉంటే, ఎర్రగా వెలుగుతోంది కదా అని అంతా తీసేస్తే మనిషి మాట పోతుంది. అలాంటి చోట మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్, నరాల మానిటరింగ్ ముఖ్యం, రంగు మందు వాటి తర్వాతే. డబ్బు ఒకదానికే ఉంటే వాటికే పెట్టమంటాను. వెలుగు ఎక్కడుందో మందు చెబుతుంది, ఎక్కడ ఆగాలో రోగి మాటా చేయీ చెబుతాయి.

మిగతా దారులు

అన్నిటికన్నా కచ్చితమైనది ఆపరేషన్ మధ్యలోనే ఎంఆర్ఐ తీయడం. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసి 2011లో ప్రచురించిన చిన్న ట్రయల్‌లో అలా చేసినవాళ్లలో 96 శాతం మందికి, మామూలుగా చేసినవాళ్లలో 68 శాతం మందికి మెరిసే గడ్డ పూర్తిగా పోయింది. తక్కువ గ్రేడ్ గడ్డలకూ ఇది పనిచేస్తుంది. కానీ యంత్రం కోట్ల రూపాయలది, ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, నగరంలో అన్ని చోట్లా ఉండదు. అల్ట్రాసౌండ్ చవక, ఎన్నిసార్లయినా చూడొచ్చు, మెదడు కుంగినా అప్పటి బొమ్మే చూపిస్తుంది. బొమ్మని చదవగలిగే చెయ్యి కావాలి, అంతే. నావిగేషన్, అల్ట్రాసౌండ్, ఫ్లోరసీన్ మూడూ కలిపి బాగా చేసే సర్జన్ దొరికితే ఒక్క 5-ఏఎల్‌ఏ లేదని ఆయన్ని వదులుకోవద్దు.

ఫిల్టర్ ప్రశ్న

కరపత్రాల్లో "ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉంది" అన్న మాట నమ్మి ఆగిపోకండి. మైక్రోస్కోపుల్లో ఫిల్టర్లు విడివిడిగా ఉంటాయి. 5-ఏఎల్‌ఏకి నీలిది, జైస్ కంపెనీ వాళ్లు బ్లూ 400 అంటారు. ఫ్లోరసీన్‌కి పసుపుది, యెల్లో 560. ఐసీజీకి పరారుణ ఫిల్టర్, ఇన్‌ఫ్రారెడ్ 800. రక్తనాళాల ఆపరేషన్ల కోసం పరారుణ ఫిల్టర్ ఒక్కటే కొన్న ఆసుపత్రికి కూడా ఆ కరపత్రం వేసుకునే హక్కుంది మరి. "సార్, మన మైక్రోస్కోపుకి ఏ ఫిల్టరుంది, మీరు దీంతో ఎన్నేళ్లుగా చేస్తున్నారు?" అని అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదీ ఒక సమాచారమే. ఇంకో సంగతి: వెలుగు పైపైన మాత్రమే కనిపిస్తుంది. రక్తం కప్పినా, మెదడు మడత అడ్డొచ్చినా కనిపించదు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టిన చోటుకీ, అలవాటైన చేతికీ తేడా ఉంటుంది.

డబ్బు లెక్క

5-ఏఎల్‌ఏ సీసా 1.5 గ్రాములు. కిలోకి 20 మిల్లీగ్రాములంటే ఒక్క సీసా 75 కిలోల మనిషికి సరిపోతుంది. 76 కిలోలున్నా రెండో సీసా తెరవాల్సి రావచ్చు. కాబట్టి ఎస్టిమేట్ వేసేముందు బరువు తూచారా, ఎన్ని సీసాలకు లెక్కకట్టారో చూడండి. అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ ఒళ్లొచ్చిన రోగుల్లో ఇది తమాషా విషయం కాదు. ఫ్లోరసీన్ అయితే 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, ఒక ఆంప్యూల్‌తో అయిపోతుంది. రెండింటి ధరకీ ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఆసుపత్రి ఫార్మసీ ధర రాతలో తీసుకోండి, ఆపరేషన్ వాయిదా పడితే తెరవని సీసా వెనక్కి తీసుకుంటారా అనీ అడగండి.

ఆరోగ్యశ్రీ మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి 10 లక్షల రూపాయలైంది. కానీ పరిమితి ఎంతున్నా ఆపరేషన్‌కి నిర్ణయించిన ప్యాకేజీ వేరు. అందులో ఈ మందు వస్తుందా, బయట కొనమంటారా అన్నది ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని చేరేముందే అడగాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో కూడా ముందస్తు అనుమతి ఉత్తరంలో మందు పేరు రాయించుకోండి. లేదంటే డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర వాదులాట తప్పదు. పంజాగుట్టలోని నిమ్స్ గానీ, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు గానీ చూసుకునేవాళ్లు పెద్ద సంఖ్యలో ఆపరేషన్లు చేసిన చేతులు అక్కడ ఉంటాయన్నది మరిచిపోవద్దు. మందు లేదన్న ఒక్క కారణంతో అప్పు చేసి కార్పొరేట్‌కి పరిగెత్తడం నేను సమర్థించను. ఆ అప్పు తర్వాత వచ్చే ముప్ఫై విడతల రేడియేషన్‌నీ, టెమోజోలమైడ్ అనే కీమో మాత్రల్నీ మింగేస్తుంది. వైద్యంలో వాటి వాటా తక్కువేమీ కాదు.

మందు తాగినరోజు

ఇక్కడే కుటుంబం చేయగల పని ఎక్కువ. 5-ఏఎల్‌ఏ తాగాక చర్మం వెలుతురుని తట్టుకోలేదు. యూరప్ సూచనల ప్రకారం 24 గంటలు, అమెరికా సూచనల ప్రకారం 48 గంటలు ఎండా, బలమైన లైట్లూ దూరం. ఏప్రిల్ ఎండ పడే కిటికీ పక్క మంచం అయితే తెర వేయించండి. ఐసీయూ నర్సుకి ఈ సంగతి కేసు షీటులో రాసి ఉందా చూడండి, షిఫ్టు మారినప్పుడు ఇలాంటివే జారిపోతాయి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సల్ఫా మందులు ఆ రోజుల్లో వాడుతుంటే ముందే చెప్పాలి, అవి కూడా వెలుతురు బాధని పెంచేవే. పార్ఫైరియా (హీమ్ తయారీలో లోపం వల్ల వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు, గర్భిణులకు 5-ఏఎల్‌ఏ ఇవ్వరు. లివర్ పరీక్ష అంకెలు కొన్నాళ్లు పెరగొచ్చు, బీపీ తగ్గొచ్చు. ఫిట్స్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

సమయం కూడా చూసుకోవాలి. జాబితాలో మొదటి కేసుగా పెట్టమని కోరండి. మందు తాగాక ఎమర్జెన్సీ కేసు వచ్చి ఆపరేషన్ పన్నెండు గంటలకు మించి వెనక్కిపోతే, ఆ రోజుకి వదిలేసి మర్నాడో ఆ తర్వాతో మళ్లీ కొత్త మోతాదుతో చేయాలి. రెండో సీసా ఖర్చు ఎవరిదన్నది అప్పుడు కాక ముందే తేల్చుకోండి.

ఫ్లోరసీన్‌కి ఇంత తతంగం లేదు. ఒకరోజు మూత్రం, ఒళ్లు పచ్చగా కనిపిస్తే కామెర్లని బెదిరిపోవద్దు. అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చు. ఎప్పుడైనా కంటి యాంజియోగ్రామ్ చేయించుకున్నప్పుడు దద్దుర్లో, ఊపిరాడకపోవడమో వచ్చుంటే మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

ఆపరేషన్ అయిన 72 గంటల్లోపు కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ తీయించండి. ఆ గడువు దాటితే ఆపరేషన్ చేసిన చోటు కూడా మెరవడం మొదలై, మిగిలిన గడ్డ ఏదో తెలియకుండా పోతుంది. ఎర్రగా ఎంత వెలిగింది, ఎంత వదిలారు, ఎందుకు వదిలారు అన్నది ఆపరేషన్ నోట్స్‌లో రాయించుకోండి. ఆ స్కాన్ సీడీ, నోట్స్, బయాప్సీ బ్లాకులు (ల్యాబ్ మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) మూడూ ఒక సంచిలో పెట్టుకుని రేడియేషన్‌కి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా అక్కడి డాక్టర్ మొదట అడిగేది వాటినే.